పన్నెండో గదిలో ఎవరూ బటన్ నొక్కలేదు

పోయిన వారం కొత్తమ్మాయిని టెస్టింగ్ రూము గుమ్మంలో నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. ఆమె ఇంకా అక్కడే నిలబడి ఉంది. లోపలికి రమ్మనేవాళ్లు లేరు, పొమ్మనేవాళ్లూ లేరు.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పుకుందాం. ఆసుపత్రిలో మంచం పక్కన ఒక బటన్ ఉంటుంది. రోగి దాన్ని నొక్కితే నర్సుల బల్ల దగ్గర గంట మోగి, బోర్డు మీద గది నంబరు వెలుగుతుంది. ఆ బటన్లూ బోర్డులూ తయారుచేసే చిన్న కంపెనీ ఇది. బోర్డును నడిపించే ప్రోగ్రామును సీ భాషలో మొదటి అక్షరం నుంచి రాసిన మనిషి కొత్తమ్మాయికి స్వయానా బావగారు, అంటే మొగుడికి అన్న. కంపెనీలో చిన్నా పెద్దా అందరికీ ఆయన పెద్దన్నే. కొత్తమ్మాయి అంటే నిన్నమొన్న చదువు ముగించిన పిల్ల అనుకునేరు. బడిలో లెక్కలు చెప్పి చెప్పి గొంతు అరిగిపోయాక, నలభైకి దగ్గరపడుతూ ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్న ఇల్లాలు. రస్ట్ అనే కొత్త భాష నేర్చుకోనని పెద్దన్న మొండికెత్తితే, యజమానురాలు ఈమెను పనిలో పెట్టుకుంది. "తుప్పు భాషకి తగ్గ మనిషే దొరికింది" అని పెద్దన్న మొదటి రోజే నలుగురి ముందూ అన్నాడు. ఇంట్లో ఒకే కప్పు కింద ఉంటూ, ఆఫీసులో ఎడమొహం పెడమొహంగా ఉండడం ఎలాగో చూడాలంటే ఈ ఇద్దర్నీ చూడాలి.

కొత్త భాషలో ఆమె రాసిన మొదటి పని, గదుల పేర్లు మార్చుకునే సదుపాయం. అది వెళ్లిన ఆసుపత్రిలో ఏడో గది పెద్దావిడ బాత్‌రూముకు వెళ్లాలని బటన్ నొక్కింది. నర్సు పన్నెండో గదికి పరిగెత్తింది. అక్కడి రోగి గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. ఆమె వెనక్కి వచ్చేలోపు పెద్దావిడ తనంతట తాను లేవబోయి, కిందపడి తుంటి విరగ్గొట్టుకుంది. నర్సును డ్యూటీలోంచి తప్పించారు. తప్పు బోర్డుదైతే ఎవరిదో పేరు రాసి సాయంత్రంలోగా పంపమని ఆసుపత్రి వాళ్లు కబురు పెట్టారు. ఎవరి పేరు వెళ్తుందో యజమానురాలి మొహం చూస్తేనే తెలుస్తోంది. ఆ పేరు వెళ్లిందంటే కొత్తమ్మాయికి ఈ ఉద్యోగమే కాదు, ఆసుపత్రి సామాను చేసే ఏ కంపెనీలోనూ ఇంకో ఉద్యోగం రాదు.

ఇప్పుడు లోపలికి వెళ్దాం.

గదిలో నలుగురున్నారు. మధ్యలో కుర్చీలో ఒరగకుండా నిటారుగా కూర్చున్నావిడ హెడ్ నర్సు. ఒళ్లో సంచీ, కాళ్లకు డ్యూటీ బూట్లు. ఆవిడకు ఎదురుగా యజమానురాలు. గోడకు బిగించిన బోర్డు పక్కన చేతులు కట్టుకుని పెద్దన్న. బోర్డు కింద వంగి వైర్లు సర్దుతున్నది కొత్తమ్మాయి భర్త. కంపెనీలో టెస్టింగ్ పని అతనిదే. బయటికి పోయే ప్రతి బోర్డునూ ముందు అతను పరీక్షించి పంపాలి.

"ఇదిగో, వచ్చింది సందేహాలమ్మ," అన్నాడు పెద్దన్న.

ఆ పేరు ఆమెకు పెట్టింది ఆయనే. చేరిన కొత్తలో ఆమె ఏది అర్థం కాకపోతే అది అడిగేది. బడిలో పిల్లలకు అదే నేర్పి వచ్చిన మనిషి కదా. ఈ ఆఫీసులో అడగడం తప్పని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఇక్కడి పద్ధతి వేరు. తెలియనివాడు తెలిసినట్టు తలూపాలి, తర్వాత తంటాలు పడాలి. అలా తంటాలు పడి పైకొచ్చినవాళ్లందరూ, అడిగినవాళ్లను చూసి పళ్లికిలిస్తారు.

హెడ్ నర్సు కొత్తమ్మాయిని పైనుంచి కిందికి చూసింది. "ఈవిడేనా?"

"ఈవిడే," అంది యజమానురాలు. "కూర్చో అమ్మా. కాదులే, నిలబడు. బోర్డు నడిపి చూపించాలి."

"నేను చెప్పేది ముందు వినండి," అంది హెడ్ నర్సు. "మా అమ్మాయి బోర్డు మీద పన్నెండు చూసింది. చూసే పరిగెత్తింది. పక్కనున్న ఆయా కూడా చూసింది. మా వాళ్లేమో ఆయా మాట లెక్కలోకి రాదంటున్నారు."

పెద్దన్న నవ్వాడు. "డ్యూటీలో కళ్లు మూతలు పడుతుంటాయి. ఏడు ఏదో, పన్నెండు ఏదో ఆ టైములో ఎవరికి తెలుస్తుంది?"

"నాయనా, మధ్యాహ్నం రెండింటికి కళ్లు మూతలు పడేది మీ ఆఫీసులోనేమో. మా వార్డులో ఆ టైముకి నిలబడి నీళ్లు తాగే తీరిక కూడా ఉండదు."

"నా ప్రోగ్రాము ఎన్నేళ్లుగా నడుస్తోందో మేడమ్‌ని అడగండి. ఒక్క గంట తప్పు మోగిందా?"

"నేను దాని జాతకం అడగలేదు. మొన్న ఏం చేసిందో అడుగుతున్నాను."

యజమానురాలు చేయెత్తి ఇద్దర్నీ ఆపి, కొత్తమ్మాయి వైపు తలాడించింది. కొత్తమ్మాయి కంప్యూటర్ దగ్గరికి వెళ్లింది. బల్ల మీద ఒక్కటే బటన్ ఉంది. ఈ గదిలో ఎప్పుడూ ఒక్కటే ఉంటుంది. ఒకటి మోగితే వందా మోగుతాయన్నది పెద్దన్న పెట్టిన నియమం. దాన్ని తమ్ముడు అక్షరం పొల్లు పోకుండా పాటిస్తాడు. ఆమె ఆ బటన్‌కు ఏడు అని పేరు పెట్టింది. భర్త నొక్కాడు. గంట మోగింది. బోర్డు మీద ఏడు వెలిగింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ ఏడే.

"చూశారుగా," అన్నాడు పెద్దన్న, ఏదో పెళ్లి జరిపించినంత తృప్తిగా. "బోర్డు బంగారంలా ఉంది. మీ అమ్మాయిని కంటి డాక్టరుకి చూపించండి."

కొత్తమ్మాయి కూడా అలాగే అనుకుంది. బోర్డు సరిగ్గా ఉంటే తన పని సరిగ్గా ఉన్నట్టే. ఎవరో ముక్కూ మొహం తెలియని నర్సు చూపు పొరపాటు. అంతే. అలా అనుకోగానే ఎంత హాయిగా అనిపించిందంటే, ఆ హాయికి తనకే సిగ్గేసింది.

హెడ్ నర్సు సంచీ భుజానికి తగిలించుకుని లేచింది. గుమ్మం దాకా వెళ్లి ఆగింది. ఎవరితోనూ కాకుండా గోడతో అన్నట్టు అంది. "పొద్దున ఒక గదికి ఏడు అని పేరు పెట్టినప్పుడు మా దగ్గర కూడా బాగానే చూపించింది. రంగులేస్తున్నారని గదులన్నీ అటూ ఇటూ మార్చాం. మధ్యాహ్నం ఇంకో గదికి పన్నెండు అని పెట్టిందాకా ఏ గొడవా లేదు. ఆ తర్వాతే ఈ ఖర్మంతా పట్టుకుంది."

కొత్తమ్మాయి చేతులు కీబోర్డు మీద ఉన్నచోటే ఆగిపోయాయి.

రెండో పేరు. తను రాసిన ప్రోగ్రాములో ఒక పేరు మార్చాక ఇంకో పేరు మారిస్తే ఏమవుతుందో కళ్లముందు ఆడింది. వేలు ఎక్కడ పెట్టాలో తెలిసిపోయింది. గదిలో ఆ సంగతి తెలిసింది తనొక్కదానికే. పెద్దన్నకు కొత్త భాష రాదు, భర్తకు రెండో బటన్ పెట్టే అలవాటు లేదు, యజమానురాలికి ఈ గొడవ సాయంత్రానికి తెమిలిపోతే చాలు. హెడ్ నర్సు ఇంకో నాలుగడుగులు వేస్తే మెట్లు దిగి వెళ్లిపోతుంది. నోరు మూసుకుంటే ఉద్యోగం నిలుస్తుంది. నోరు తెరిస్తే తన గొయ్యి తను తవ్వుకున్నట్టే. మనలో ఎంతమంది తెరుస్తామో గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి.

"ఒక్క నిమిషం ఆగండమ్మా," అంది కొత్తమ్మాయి. తర్వాత భర్త వైపు తిరిగింది. "ఇంకో బటన్ పెట్టు."

"ఎందుకు? ఒకటి చూశాంగా."

"రెండోది పెట్టు."

అతను అన్న వైపు చూశాడు. పెద్దన్న భుజాలెగరేశాడు. "సందేహం వచ్చిందిరా. తీర్చకపోతే అన్నం సహించదు."

భర్త కదలలేదు. కొత్తమ్మాయే అటక కింద అట్టపెట్టెలోంచి ఇంకో బటన్ తీసి, వైరు తగిలించి బల్ల మీద పెట్టింది. మొదటిదానికి ఏడు అని పేరు మార్చింది. నొక్కింది. ఏడు. రెండోదానికి పన్నెండు అని మార్చింది. నొక్కింది. పన్నెండు. ఆ తర్వాత మొదటిదాన్ని మళ్లీ నొక్కింది.

గంట మోగింది. బోర్డు మీద పన్నెండు వెలిగింది.

హెడ్ నర్సు గుమ్మం దగ్గర్నుంచి నడిచి వచ్చి, బల్ల మీదున్న మొదటి బటన్‌ను తన చేత్తో నొక్కింది. పన్నెండు. ఇంకోసారి నొక్కింది. పన్నెండు. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ, గొంతులో చుక్క తడి లేదు.

"మా పిల్ల ఏడ్చి ఏడ్చి మంచం పట్టింది. నా కళ్లే నన్ను మోసం చేశాయేమో అక్కా అని నన్నే అడుగుతోంది. మీ బంగారపు బోర్డు ఇదన్నమాట." పెద్దన్న మొహంలోకి చూసింది. "కంటి డాక్టరు అడ్రసు మీరే ఉంచుకోండి, మీకే పనికొస్తుంది. మీలో ఎవరి తప్పో మీరూ మీరూ తన్నుకుని తేల్చుకోండి. బోర్డు తప్పు చూపించిందని మాత్రం నాకు ఇప్పుడే రాసివ్వాలి."

యజమానురాలు ఆ ఒక్క వాక్యం అక్కడే రాసి సంతకం పెట్టి ఇచ్చింది. ఇవ్వక చస్తుందా, కళ్లముందే వెలిగింది మరి. హెడ్ నర్సు దాన్ని మడిచి సంచీలో పెట్టుకుని, కొత్తమ్మాయి పక్కనుంచి వెళ్తూ ఒక్క క్షణం ఆగింది. థాంక్స్ చెబుతుందేమో అనిపించింది. చెప్పలేదు. "పెద్దావిడ ఇక నడవదంటున్నారు," అని చెప్పి వెళ్లిపోయింది.

యజమానురాలు లేచి తలుపు వేసింది.

"ఇప్పుడు చెప్పు. నాకర్థమయ్యేలా చెప్పు."

కొత్తమ్మాయి బడిలో పాఠం చెప్పినట్టే మొదలుపెట్టింది. గొంతు వణకకుండా ఉండాలంటే ఆమెకు తెలిసిన దారి అదొక్కటే.

"పెద్దన్నగారి ప్రోగ్రాముకి గది పేరు ఇవ్వాలి మేడమ్. సీకి పేరు ఇవ్వడమంటే పేరే చేతిలో పెట్టడం కాదు. ఆ పేరు మెమరీలో ఎక్కడుందో ఆ చోటు చెప్పడం. ఫలానా వీధి, ఫలానా ఇల్లు అన్నట్టు. రస్ట్‌లో ఏ వస్తువైనా దాని పని అయిపోగానే భాషే దాన్ని తీసేస్తుంది, మనం చెప్పక్కర్లేదు. నేను ఏడు అని పేరు తయారుచేశాను. అదెక్కడుందో చెప్పాను. నా పని అయిపోయింది కదా, భాష ఏడుని ఖాళీ చేయించింది. ఖాళీ ఇల్లు కదా, తర్వాత వచ్చిన పన్నెండు అందులో దిగింది. పెద్దన్నగారి ప్రోగ్రాము దగ్గర ఇంకా ఆ పాత అడ్రసే ఉంది. గంట మోగినప్పుడల్లా అక్కడికే వెళ్లి తలుపు కొడుతుంది. ఎవరు తీస్తే వాళ్ల పేరు చూపిస్తుంది."

"పొద్దున సరిగ్గా ఎలా చూపించింది?"

"ఇల్లు ఖాళీ చేసినా గుమ్మం మీద పేరు చెరపలేదు. రెండో మనిషి దిగేదాకా తెలియదు."

పెద్దన్న నెమ్మదిగా చప్పట్లు కొట్టాడు. "అయిపోయింది. తన నోటితో తనే ఒప్పుకుంది. ఇల్లు ఖాళీ చేయించింది ఎవరు? నువ్వు. నేనిచ్చిన ఫంక్షన్‌కి, అదే, పేరు తీసుకునే ఆ ప్రోగ్రాము ముక్కకి, బతికున్న పేరు ఇవ్వాలి, చచ్చిన పేరు కాదు. మేడమ్, ఆ భాషలో సీని పిలవాలంటే ముందు అన్‌సేఫ్ అని రాయాలి. ఇక్కణ్ణుంచి నాకు పూచీ లేదు, మంచైనా చెడైనా నీదే అని ఆ భాషే చెబుతుంది. ఆ మాట కింద సంతకం పెట్టినట్టు రాసింది ఎవరు?"

"నేనే."

"మరింకేం?"

"మీ ఫంక్షన్ పేరు రాసుకోదని, అడ్రసు మాత్రమే దాచుకుంటుందని ఎక్కడుంది బావగారూ?"

ఆఫీసులో ఆమె ఆయన్ని బావగారూ అనడం అదే మొదలు. ఆయన మొహం గంటు పెట్టుకున్నాడు.

"సీ తెలిసినవాడెవడైనా అనుకుంటాడు. ఎవడి వస్తువు వాడు చూసుకోవాలి. నేను రాసినప్పుడు పేర్లన్నీ ఒక పట్టికలో శాశ్వతంగా ఉండేవి. అవెక్కడికీ పోవు. వాటిని మళ్లీ రాసుకోవడం దండగ."

"అది మీ తలలో ఉంది. నాకు ఇచ్చింది ఫంక్షన్ పేరు ఒక్కటే. లోపలేముందో చూద్దామంటే ఆ కోడ్ మీ కంప్యూటర్లో తాళం వేసుకుని కూర్చుంది."

"నా కోడ్. నా కంప్యూటర్."

"చదువుకో అన్నారు. చదువుదామంటే తలుపు తీయరు."

యజమానురాలు బల్ల మీద వేళ్లతో కొట్టింది. "అర్థం కానప్పుడు అడగాలి కదమ్మా. అందరికీ ఎన్నో అడిగావు. ఇది మాత్రం ఎందుకు అడగలేదు?"

"అడిగాను."

"ఎవర్ని?"

"ఆయన్నే."

"నన్నెవరూ అడగలేదు," అన్నాడు పెద్దన్న.

అడిగింది. ఆ భాగం చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. మధ్యాహ్నం భోజనాల గదిలో, అందరూ క్యారియర్లు విప్పుకున్న వేళ, ఆమె తినడం ఆపి లేచి, ఆయన ఎదుటికి వెళ్లి నిలబడింది. మీ ఫంక్షన్ నేనిచ్చిన పేరును తన దగ్గర రాసుకుంటుందా, లేక చోటు మాత్రమే గుర్తుపెట్టుకుంటుందా, ఆ పేరును నేను ఎంతసేపు ఉంచాలి అని అడిగింది. ఆయన జవాబు చెప్పలేదు. పక్కవాళ్ల వైపు తిరిగి, "ఒకటో తరగతి టీచరుకి ఒకటో తరగతి సందేహాలే వస్తాయి" అన్నాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా పొలమారేలా నవ్వారు. సందేహాలమ్మ అన్న పేరు పుట్టింది ఆ పూటే.

"అడిగావే అనుకో, జవాబు రాకపోతే ఏం చేశావు?" అంది యజమానురాలు.

కొత్తమ్మాయికి అన్నిటికన్నా నొప్పెట్టే సంగతి అదే. "అంతమంది అంత నవ్వారంటే, పేరు రాసుకుంటుందనేది అందరికీ తెలిసిన విషయమే కాబోలు అనుకున్నాను. ఇంకోసారి అడిగితే మళ్లీ నవ్వుతారని అడగలేదు."

"కథ బాగుంది," అన్నాడు పెద్దన్న. "తప్పు చేసి దొరికిపోయాక అడిగానంటే సరిపోతుందా? ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. నాకు గుర్తులేదు. అడిగి ఉంటే చెప్పేవాణ్ణి."

ఆయన అబద్ధమాడుతున్నాడా అంటే నేను గట్టిగా చెప్పలేను. చెవి దగ్గర దోమ ముసిరితే చేత్తో తోలేస్తాం. ఏ రోజు ఏ దోమను తోలామో ఎవరికి గుర్తుంటుంది? ఆయనకు ఆమె ప్రశ్నలన్నీ దోమలే. నవ్విన నవ్వు మాత్రం బాగా గుర్తుండి ఉంటుంది.

యజమానురాలు విసుగ్గా కళ్లు మూసి తెరిచింది. "మీ ఇంటి తగవు నాకొద్దు. అడిగావంటున్నావు, అడగలేదంటున్నాడు. అడిగి ఉంటే రిపోర్టు ఒక రకంగా రాస్తాను, చెప్పాల్సినవాడు చెప్పలేదని. అడగకపోతే ఒక రకంగా రాస్తాను. అప్పుడక్కడ ఇంకెవరున్నారు?"

కొత్తమ్మాయి భర్త వైపు చూసింది. ఆ రోజు అతను ఆమె పక్కనే కూర్చున్నాడు. ఒకే క్యారియర్‌లోంచి ఇద్దరూ తింటున్నారు. అందరితో పాటు అతనూ నవ్వాడు. ఇంటికొచ్చాక, "అలా నలుగురిలో అడక్కు, నాకు తలవంపులుగా ఉంటుంది" అన్నాడు కూడా. తలవంపులైన రోజును ఏ మగాడూ మర్చిపోడు.

"ఏమయ్యా," అంది యజమానురాలు. "నువ్వున్నావా?"

"ఉన్నాను మేడమ్."

"ఇది అడిగిందా?"

అతను వైరు కొసను వేలికి చుట్టుకున్నాడు. విప్పాడు. ఇతన్ని చదివించింది అన్న. ఇక్కడ ఉద్యోగం ఇప్పించింది అన్న. అంతటితో అయిపోతే జాలిపడేవాణ్ణే. రెండో బటన్ పెట్టి చూడాల్సిన పని ఇతనిది. ఆమె అడిగిందని తేలితే, అడిగిన తర్వాత కూడా ఎందుకు పరీక్షించలేదన్న ప్రశ్న తిన్నగా ఇతని దగ్గరికే నడిచి వస్తుంది. అన్న మీద భక్తి ఎంతో, తన ఉద్యోగం మీద తీపి ఎంతో తూకం వేసి చెప్పడం నా వల్ల కాదు.

"ఏవో ఒకటి అడుగుతూనే ఉంటుంది మేడమ్. ఇది మాత్రం అడిగినట్టు లేదు."

"గుర్తులేదా, అడగలేదా?"

"అడగలేదు."

కొత్తమ్మాయి అతని మొహం నుంచి చూపు తిప్పుకోలేదు. భోజనాల గదిలో నవ్వినప్పుడు కూడా ఇంత నొప్పి కలగలేదు. ఆ నవ్వులో అతను పదిమందిలో ఒకడు. ఈ మాటలో ఇంకెవరూ లేరు, అతనొక్కడే. పదేళ్ల కాపురంలో ఆమెను ఎన్నోసార్లు విసుక్కున్నాడు, ఒకటి రెండుసార్లు కసిరాడు. ఆమె ఎదుటే నిలబడి ఆమె నోటిమాటను లేదనడం ఎప్పుడూ చేయలేదు. కోపం వచ్చింది. ఏడుపు వస్తే బాగుండేది, కోపమే వచ్చింది.

పెద్దన్న గొంతు సవరించుకుని కిటికీ వైపు తిరిగాడు. గెలిచినవాడి మొహంలా లేదది. తమ్ముడు అంత తేలిగ్గా అనేస్తాడని ఆయన కూడా అనుకోలేదేమో. అయినా ఒక్క ముక్క మాట్లాడలేదు.

"అయితే ఇక చెప్పేదేముంది?" యజమానురాలు తెల్లకాగితం ఆమె ముందుకు తోసింది. "ఎవర్నీ సంప్రదించకుండా నేను చేసిన పొరపాటు అని రాయి. నీ మంచికే చెబుతున్నాను, గొడవ లేకుండా వెళ్లిపో. బయట ఎవరైనా అడిగితే మంచిమాటే చెబుతాను."

కొత్తమ్మాయి కలం అందుకోలేదు. ఇంకో ఆలోచన వచ్చి, కోపాన్ని కూడా పక్కకు నెట్టేసింది.

"పిల్లల ఆసుపత్రికి ఏ ప్రోగ్రాము పంపాం?"

భర్త మళ్లీ వైర్ల మీదికి వంగాడు.

"మొన్న బోర్డులు వెళ్లాయిగా. అందులో ఉన్నది పాతదా, ఇదా?"

"ఇదే," అన్నాడు భర్త.

"వాళ్లు పేర్లు మార్చారా?"

"నాకెలా తెలుస్తుంది?"

"ఫోన్ చేసి అడగాలి. రెండో పేరు మార్చొద్దని చెప్పాలి. మార్చి ఉంటే బోర్డు చూడ్డం మానేసి, గది గదికీ మనిషిని పెట్టుకోమనాలి."

యజమానురాలు తల అడ్డంగా ఊపింది. "ఇప్పుడు ఎవరూ ఎక్కడికీ ఫోన్ చేయరు. ఒక ఆసుపత్రితోనే ఊపిరాడట్లేదు, పులి మీద పుట్రలా రెండోదాన్ని కూడా నెత్తికెక్కించుకోమంటావా? సాయంత్రం పెద్దన్న వెళ్లి, మామూలుగా సర్వీసుకి వచ్చినట్టు పాతది ఎక్కించి వస్తాడు. వాళ్లకి తెలియనక్కర్లేదు."

"సాయంత్రం దాకా?"

"కొంపలేం మునగవు."

"అక్కడ బటన్ నొక్కేది పసిపిల్లలు మేడమ్. ఒకసారి నొక్కి ఎవరూ రాకపోతే మళ్లీ నొక్కాలని కూడా వాళ్లకి తెలియదు."

కొత్తమ్మాయి భర్త వైపు తిరిగింది. అతను చేసింది మర్చిపోయి కాదు. అక్కడివాళ్లకు బోర్డులు అప్పగించి వచ్చింది అతనే, అతని మాటే వాళ్లు ముందు వింటారు. "నువ్వు చెయ్యి," అంది. "నా సంగతి తర్వాత. ఫోన్ చెయ్యి."

అతను జేబులోంచి ఫోన్ తీశాడు. చేతిలో పట్టుకుని అన్న వీపు వైపు చూశాడు, యజమానురాలి మొహం చూశాడు. మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు.

ఆమె తన ఫోన్ తీసింది. బోర్డు బిగించేటప్పుడు అక్కడి ఎలక్ట్రీషియన్ ఏదో వైరు సంగతి అడగడానికి ఆమెకే చేశాడు. ఆ నంబరు ఇంకా ఉంది.

"ఆ ఫోన్ చేశావంటే ఈ కాగితం కూడా అక్కర్లేదు," అంది యజమానురాలు. "నీ మీద ఏం రాయాలో నేనే రాస్తాను. ఆలోచించుకో."

ఆమె ఆలోచించుకుంది. అదేమీ ఎక్కువసేపు పట్టలేదు. నంబరు నొక్కి, నలుగురికీ వినపడేలా స్పీకర్ పెట్టి, ఫోన్‌ను కాగితం మీద పెట్టింది.

రెండు రింగులకే ఎత్తాడు ఎలక్ట్రీషియన్. వెనక ఎక్కడో గంట మోగుతోంది.

"చెప్పండి మేడమ్. పేర్లా? మార్చేశామండీ, అన్నీ పొద్దున్నే మార్చేశాం. భలే సులువుగా ఉంది. కానీ ఒక్కటడగాలి మీ దగ్గర. ఇందాకట్నుంచి ఖాళీ గది నంబరొకటి ఊరికే మోగుతోంది. వెళ్లి చూస్తే ఎవరూ లేరు. ఏదో వైరు అంటుకుందిలే, కట్టెయ్యమన్నారు. గంట ఆపెయ్యడానికే ఇప్పుడు నిచ్చెన ఎక్కాను."